మా అక్కది బలహీనమైన ఒళ్లు కాదు

గత నెల మా అక్కని చూడ్డానికి దగ్గరి బంధువు ఒకావిడ వచ్చింది. వస్తూ వస్తూ ఒక డబ్బా తెచ్చింది. దాని మీద పెద్ద పెద్ద అక్షరాల్లో ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని రాసుంది. “రెండు నెలలు వాడి చూడమ్మా, ఒంట్లో సత్తువ లేకే నీకు ఈ రోగాలన్నీ” అంది. అక్క కాదనలేక తీసుకుంది. తర్వాత చెకప్‌కి వెళ్లినప్పుడు ఆ డబ్బాని నేనే డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివి, “ఎనిమిదేళ్లుగా నేను దాన్ని తగ్గించలేక తంటాలు పడుతుంటే మీరు పెంచుతానంటారేంటండీ” అని నవ్వారు.

అక్కకి లూపస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీదా, చర్మం మీదా, మధ్యలో కొన్నాళ్లు కిడ్నీల మీదా పడింది.

నాకు నవ్వు రాలేదు. ఆ బంధువు అన్న మాటే కాస్త అటూ ఇటూగా పదేళ్ల కిందట నేనూ అన్నాను. అప్పట్లో అక్కకి పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకునేవి కావు. కాసేపు ఎండలో ఉంటే మొహం కందిపోయేది. ఎప్పుడూ నీరసం. మొదట చేయించిన రక్తపరీక్షల్లో పెద్దగా ఏమీ తేలలేదు. “నువ్వు ప్రతిదానికీ టెన్షన్ పడతావక్కా, ఇదంతా దానివల్లే” అన్నాను. ఒకరిద్దరు డాక్టర్లు కూడా ఇంచుమించు అదే అనేసరికి నేను చెప్పిందే రైటనుకున్నాను. జబ్బు పేరు తెలియడానికి రెండేళ్లు పట్టింది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. కోవిడ్ టీకా నేనూ మా ఆవిడా ఒకే రోజు, ఒకరి తర్వాత ఒకరం వేయించుకున్నాం. ఆ రాత్రి తనకి 102 జ్వరం, చెయ్యి పైకి లేవలేదు. నాకు సూది గుచ్చినచోట కాస్త సలుపు, అంతే. మర్నాడు ఫోన్ చేసిన ప్రతివాళ్లతోనూ “నాకేం కాలేదండీ, మనది గట్టి బాడీ” అని చెప్పుకున్నాను. మా ఆవిడ దుప్పటిలోంచి అన్నీ వింటూనే ఉంది.

ఆ డబ్బా రోజు నుంచి ఇవన్నీ కలిపి ఆలోచిస్తున్నాను. అక్కది బలహీనత అనుకున్నాం, నాది బలం అనుకున్నాను. ఇమ్యూనిటీని కండబలం కొలిచినట్టు కొలవబట్టే రెండుచోట్లా పొరబడ్డాం. ఆడ ఒంటికీ మగ ఒంటికీ రోగనిరోధకతలో తేడా ఉంది, అది మందు రాసే డాక్టరూ టీకా తయారుచేసేవాళ్లూ లెక్కలోకి తీసుకోవాల్సినంత పెద్దది, కానీ ‘ఎవరిది గట్టి’ అనే ప్రశ్నతో మొదలుపెడితే అది చేతికి దొరకదు. నా వాదన ఇదే. దీనికి అడ్డొచ్చే సంగతులు చాలా ఉన్నాయి, అవీ చెప్తాను.

కంచె మరీ శ్రద్ధగా ఉంటే

రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే పడే జబ్బుల్ని ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. అవి ఉన్నవాళ్లలో ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు ఆడవాళ్లే. లూపస్‌లో అయితే పదిమందిలో తొమ్మిదిమంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో, అంటే కీళ్లవాతంలో, ఒక మగవాడికి ఇద్దరో ముగ్గురో ఆడవాళ్లు ఉంటారు. థైరాయిడ్ గ్రంథి మీద పడే హషిమోటో జబ్బులోనూ ఆడవాళ్లే చాలా ఎక్కువ. అన్నీ ఇలాగే ఉండవు లెండి. వెన్నుపూసల్ని బిగించేసే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ మగవాళ్లలోనే ఎక్కువగా బయటపడుతుంది. టైప్ 1 డయాబెటిస్ ఇద్దరికీ ఇంచుమించు సమానంగా వస్తుంది.

ఇలాంటి జబ్బులకి మనవాళ్లు ‘కంచే చేను మేసినట్టు’ అనే సామెత వాడుతుంటారు. నాకిది సగమే నచ్చింది. ఆ సామెతలో కంచె దొంగ. అక్క ఒంట్లో కంచెకి దొంగబుద్ధి లేదు, మితిమీరిన శ్రద్ధ ఉంది. అయినవాళ్లనీ కానివాళ్లనీ పోల్చుకునే ఓపిక లేకుండా, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ గీరేస్తోంది.

ఆ శ్రద్ధే వేరేచోట మేలు చేస్తుంది. ఒకే టీకా వేస్తే సగటున ఆడవాళ్లలో యాంటీబాడీలు ఎక్కువ పుడతాయి. ఫ్లూ టీకాలో, హెపటైటిస్ బి టీకాలో ఇది స్పష్టంగా కనిపించింది. 2008లో వచ్చిన ఒక ఫ్లూ టీకా పరిశోధనలో సగం డోసు తీసుకున్న ఆడవాళ్లలో పుట్టిన యాంటీబాడీలు పూర్తి డోసు తీసుకున్న మగవాళ్లతో సుమారుగా సరితూగాయి. మా ఆవిడ ముందు ‘గట్టి బాడీ’ అని కూసిన నాకు ఇది చదివాక కాస్త సిగ్గేసింది. అలాగని జ్వరం రాకపోతే టీకా పనిచేయలేదని కాదు. జ్వరం ఎంత వచ్చిందన్నదాన్ని బట్టి యాంటీబాడీలు ఎన్ని పుట్టాయో చెప్పలేం. నేను గొప్ప అనుకున్నది మాత్రం గొప్ప కాదు.

హెచ్ఐవీ ఇంకా విచిత్రం. సోకిన తొలిరోజుల్లో ఆడవాళ్ల రక్తంలో వైరస్ మగవాళ్లలో కంటే తక్కువ ఉంటుంది. వాళ్ల ఒళ్లు దాన్ని బాగా అదుపు చేస్తోందన్నమాట. కానీ ఒకే మోతాదులో వైరస్ ఉన్న ఆడమనిషినీ మగమనిషినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మందుల్లేని రోజుల్లో ఎయిడ్స్ వైపు వేగంగా జారింది ఆడవాళ్లే. వ్యవస్థ ఎప్పుడూ రగులుతూ ఉంటే వచ్చే అరుగుదల కూడా దీనికి ఒక కారణమని పరిశోధకులు అంటారు. దీన్ని బలం అనాలా, బలహీనత అనాలా?

ఒకే జన్యువు, రెండు కథలు

నన్ను బాగా ఆలోచింపజేసింది టీఎల్ఆర్7 అనే జన్యువు. ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కొన్ని రకాల వైరస్‌ల ఆర్ఎన్ఏని పసిగట్టి ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరికని పుట్టించడం దీని పని.

ఆడవాళ్లకి ఎక్స్ రెండు, మగవాళ్లకి ఒకటి. రెండూ పనిచేస్తే మోతాదు రెట్టింపు అవుతుంది కాబట్టి ఆడవాళ్ల ప్రతి కణంలోనూ ఒక ఎక్స్ నోరు మూయించేస్తారు అని స్కూల్లో చదువుకున్నాం. 1961లో మేరీ లయన్ అనే జన్యుశాస్త్రవేత్త చెప్పిన మాట అది. స్కూల్లో చెప్పనిదేంటంటే, నోరు మూయించిన ఎక్స్ మీద కూడా కొన్ని జన్యువులు గుసగుసలాడుతూనే ఉంటాయి. టీఎల్ఆర్7 అలాంటిదే. ఆడవాళ్ల రోగనిరోధక కణాల్లో కొన్నిట్లో ఇది రెండు ఎక్స్‌ల మీదా పలుకుతుందని 2018లో తేలింది.

ఇది పలకాల్సినదానికంటే ఎక్కువ పలికితే ఏమవుతుంది? చాలా చిన్న వయసులోనే తీవ్రమైన లూపస్ వచ్చిన ఒక బాలికలో టీఎల్ఆర్7 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి, అది మరీ చురుగ్గా పనిచేస్తోందని 2022లో కనిపెట్టారు. అదే మార్పుని ఎలుకల్లో పెడితే వాటికీ లూపస్ లాంటి జబ్బు వచ్చింది.

అసలు లేకపోతే? 2020లో నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాల నుంచి నలుగురు కుర్రాళ్లు కోవిడ్‌తో వెంటిలేటర్ దాకా వెళ్లారు. అంతకుముందు చెప్పుకోదగ్గ జబ్బుల్లేవు. రెండు జతల అన్నదమ్ములు. అందులో ఒకరు చనిపోయారు. నలుగురిలోనూ టీఎల్ఆర్7 పాడైపోయి ఉంది. మగవాళ్లు కదా, ఆదుకోవడానికి రెండో ఎక్స్ లేదు.

దీని గురించి మొదట చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మా అక్క జబ్బులో ఎక్కువైందని అనుమానిస్తున్న చురుకుదనమే ఆ కుర్రాళ్లలో లేక ప్రాణం మీదికొచ్చింది. ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని డబ్బా మీద వేసేవాడు ఎవరికి, దేన్ని, ఎంత పెంచుతాడు?

క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్‌తో పుట్టిన మగవాళ్లకి రెండు ఎక్స్‌లు, ఒక వై ఉంటాయి. మామూలు మగవాళ్లతో పోలిస్తే వాళ్లకి లూపస్ వచ్చే అవకాశం సుమారు 14 రెట్లు. హార్మోన్ల పరంగా వాళ్లు ఆడవాళ్లలా ఉండరు. అంటే నెపమంతా ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను మీద వేసి కూర్చోవడానికి లేదు. 2024లో స్టాన్‌ఫర్డ్‌లో హోవర్డ్ చాంగ్ బృందం మరో కోణం చూపించింది. ఎక్స్‌ని మూయించే పనిలో ఉండే ‘ఎగ్జిస్ట్’ అనే ఆర్ఎన్ఏ చుట్టూ బోలెడు ప్రోటీన్లు పోగవుతాయి. ఆ గుంపే ఆటోఇమ్యూన్ దాడికి లక్ష్యంగా మారగలదట. మగ ఎలుకల్లో ఎగ్జిస్ట్‌ని పుట్టించి, పైనుంచి జబ్బుని రేపే రసాయనం ఇస్తే అవి కూడా ఆడ ఎలుకలకి దగ్గరగా జబ్బు పడ్డాయి. అయితే అన్ని జాతుల ఎలుకల్లోనూ ఇలా జరగలేదు, అంతకుముందే జబ్బుకి ఒగ్గిన జాతిలోనే జరిగింది. ఒక్క మీట నొక్కితే వెలిగే దీపం కాదిది.

హార్మోన్ల వాటా

హార్మోన్లకి పాత్రే లేదంటే అదీ తప్పే. 1898లోనే ఒక ఇటాలియన్ శాస్త్రవేత్త వృషణాలు తీసేసిన కుందేళ్లలో, రోగనిరోధక కణాలు ఎదిగే థైమస్ గ్రంథి పెద్దదవడం గమనించాడు. మగ హార్మోను టెస్టోస్టెరాన్ చాలావరకు రోగనిరోధక వ్యవస్థని తగ్గించే వైపే పనిచేస్తుంది. లూపస్‌లో ఆడవాళ్ల పైచేయి కూడా పిల్లల్ని కనే వయసులోనే బాగా కనిపిస్తుంది, చిన్నపిల్లల్లోనూ వయసు మళ్లినవాళ్లలోనూ తగ్గుతుంది. ఆస్తమా చిన్నప్పుడు మగపిల్లల్లో ఎక్కువ, ఎదిగాక ఆడవాళ్లలో ఎక్కువ.

గర్భం సంగతి చెప్పకుండా ఉండలేను. అమెరికాలో మేయో క్లినిక్‌లో పనిచేసిన ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, కీళ్లవాతం ఉన్న ఆడవాళ్లు గర్భంతో ఉన్నన్నాళ్లూ నొప్పుల నుంచి తేరుకోవడం గమనించాడు. కామెర్లు వచ్చినవాళ్లలోనూ అలాగే తగ్గడం చూశాడు. ఒంట్లోనే ఏదో మందు తయారవుతోందని పట్టుబట్టి వెతికితే అది చివరికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ దాకా తీసుకెళ్లింది. 1950లో ఆయనకీ మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అక్క ఏళ్ల తరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రల వంశవృక్షంలో గర్భవతుల కీళ్ల మీద ఒక మనిషి పెట్టిన శ్రద్ధ ఉందన్నమాట. ఆ డాక్టరు “గర్భంతో ఉంటే మనసు కుదుటపడుతుంది, అందుకే నొప్పి తగ్గింది” అని సరిపెట్టుకుని ఉంటే?

2024లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేసిన పని ఇంకా సూటిగా ఉంది. పుట్టుకతో ఆడవాళ్లుగా నమోదై, పురుషులుగా మారడానికి టెస్టోస్టెరాన్ తీసుకుంటున్న 23 మందిని ముందూ తర్వాతా పరీక్షించారు. వాళ్లలో వైరస్ మీద లేచే ఇంటర్‌ఫెరాన్ స్పందన తగ్గింది, ఒంట్లో వాపునీ మంటనీ పెంచే టీఎన్ఎఫ్ అనే ప్రోటీను స్పందన పెరిగింది. క్రోమోజోములు అవే, మనిషీ అదే, మారిందల్లా హార్మోను. జన్యువులదా హార్మోన్లదా అని వాదించుకునేవాళ్లకి ఇద్దరికీ తలా కాస్త దక్కింది.

నా వాదనకి అడ్డొచ్చేవి

కోవిడ్‌లో మగవాళ్లు ఎక్కువగా చనిపోయారని అందరికీ తెలుసు. దాన్ని సూటిగా ఒంటి తీరుకి అంటగట్టడం నాకు మొదట్లో తేలికనిపించింది. కానీ సిగరెట్లు కాల్చేది ఎవరు ఎక్కువ? బీపీ, గుండెజబ్బు పట్టించుకోకుండా తిరిగేది ఎవరు? ఊపిరి ఆడకపోయినా “ఏం కాదులే” అని ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లేది ఎవరు? టీబీలోనూ ఇదే చిక్కు. 2023లో ప్రపంచంలో టీబీ బారిన పడినవాళ్లలో 55 శాతం మగవాళ్లు, 33 శాతం ఆడవాళ్లు, మిగతావాళ్లు పిల్లలు. ఇందులో పొగ వాటా ఎంత, ఉద్యోగం వాటా ఎంత, టెస్టోస్టెరాన్ వాటా ఎంత అని ఎవరు విడదీసి చెప్పగలరు? కొన్నిచోట్ల ఆడవాళ్లకి పరీక్షే జరగక లెక్కలోకి రాకపోవడం కూడా ఉంటుంది.

నా వాదన కూలిపోకుండా నిలబెట్టింది పసిపిల్లలు. సిగరెట్లూ మొండితనమూ లేని వయసులో కూడా మగశిశువులే అంటువ్యాధులకి ఎక్కువగా చనిపోతారు. కాబట్టి అలవాట్లు మొత్తం కథ కాదు. మొత్తం కథ ఒంటిదీ కాదు.

రెండో చిక్కు ఇంకా ఇబ్బందిపెట్టింది. ‘ఆడవాళ్ల వ్యవస్థ తన మీద తాను తిరగబడుతుంది, మగవాళ్లది తిరగబడదు’ అని ఒక చక్కటి సూత్రం తయారుచేసుకున్నాను. 2020లో జాన్-లోరాన్ కాసనోవా అనే శాస్త్రవేత్త బృందం దాన్ని ముందే పాడుచేసి పెట్టింది, నేను ఆలస్యంగా చదివాను. ప్రాణం మీదికొచ్చిన కోవిడ్ రోగులు 987 మందిని చూస్తే 101 మందిలో తమ సొంత ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నాయి. అంటే అది ఆటోఇమ్యూన్ పనే. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లు. టీకా తర్వాత గుండె కండరం వాచిన కేసులు కూడా ఎమ్ఆర్ఎన్ఏ రకం కోవిడ్ టీకాలు తీసుకున్న కుర్రాళ్లలోనే ఎక్కువగా కనిపించాయి. నా సూత్రాన్ని మడిచి పక్కన పెట్టాను. ‘ఆడవాళ్లది తొందరపాటు, మగవాళ్లది బద్ధకం’ అనుకోవడం కూడా బలం-బలహీనతలకి మారుపేరే కదా అనిపించింది.

పరిణామ సిద్ధాంతంతో దీనికి చెప్పే కథలున్నాయి. తల్లి తన యాంటీబాడీలు బిడ్డకి పంచాలి కాబట్టి ఆమెకి ఎక్కువ ఇచ్చిందట ప్రకృతి. కావచ్చు. రేపు లెక్క తిరగబడి మగవాళ్లలో ఎక్కువని తేలితే దానికీ ఇంత అందమైన కథ ఎవరో ఒకరు చెప్తారని నా అనుమానం.

మా ఆవిడ అభ్యంతరం

ఇదంతా రాస్తూ సగం డోసు సంగతి మా ఆవిడకి చెప్పాను. తను కాసేపు ఆలోచించి, “బావుంది. ఇవాళ సగం డోసు చాలంటారు, రేపు సగం జీతం చాలంటారు” అంది. నవ్వులాటకి అన్నా అందులో విషయముంది. తేడా ఉందని ఒప్పుకున్న ప్రతిసారీ దాన్ని ఆడవాళ్లకి తక్కువ ఇవ్వడానికే వాడారు.

1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లని మందుల తొలిదశ పరీక్షల్లోకి తీసుకోవద్దని చెప్పింది. కాపాడటానికేనని అన్నారు. 1993లో గానీ దాన్ని వెనక్కి తీసుకోలేదు. అంటే 16 ఏళ్లపాటు మోతాదులు చాలావరకు మగ ఒంటి మీదే తేల్చి ఆడవాళ్లకీ అవే రాశారు. జంతువుల మీద పరిశోధనల్లోనూ అంతే. ఆడ ఎలుకల ఋతుచక్రం వల్ల లెక్కలు తారుమారవుతాయని సాకు చెప్పేవారు. తీరా కొలిచి చూస్తే ఆడ ఎలుకల్లో హెచ్చుతగ్గులు మగ ఎలుకల కంటే ఎక్కువేమీ లేవు. 2009లో అచ్చయిన జీవశాస్త్ర పరిశోధనల్ని తిరగేసినవాళ్లు చూస్తే రోగనిరోధక శాస్త్రంలో సగానికి పైగా వ్యాసాల్లో అసలు వాడింది ఆడ జంతువో మగ జంతువో రాయనే లేదు. ఏ రంగం చూసే రోగుల్లో ఎక్కువమంది ఆడవాళ్లో ఆ రంగంలోనే ఇలా!

తేడాని పట్టించుకోకపోతే ఏమవుతుందో పొంగు (మీజిల్స్) టీకా చూపించింది. పసిపిల్లలకి ఇంకా ముందే రక్షణ ఇవ్వాలని ఎక్కువ మోతాదు ఉన్న టీకాని 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. పశ్చిమ ఆఫ్రికాలోని గినీ బిస్సావులో పీటర్ ఆబీ అనే పరిశోధకుడు, మరికొన్ని చోట్ల ఇంకొందరు పిల్లల్ని ఏళ్ల తరబడి వెంటాడి చూస్తే, అది తీసుకున్న ఆడపిల్లల్లో మరణాలు ఎక్కువయ్యాయి, మగపిల్లల్లో కాలేదు. పొంగు నుంచి రక్షణ మాత్రం బాగానే ఇచ్చింది. 1992లో ఆ టీకాని ఆపేశారు. ఎందుకలా జరిగిందన్న దాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి. ఆడ, మగ కలిపేసి ఒకే అంకె చూసుకుని ఉంటే ఆ అపాయం అంత తేటగా బయటపడేది కాదు.

అందుకే మా ఆవిడతో వాదించాను. సగం డోసు ఇవ్వమని నేననడం లేదు. ఒక్క అధ్యయనం చూసి ఎవరూ ఇవ్వరు కూడా. పరీక్షల్లో ఇద్దర్నీ తీసుకోండి, ఫలితాలు విడివిడిగా చూపించండి, తేడా లేకపోతే లేదనే రాయండి. అంతే నేనడిగేది. “అలా అయితే సరే” అంది. తర్వాత, “కానీ జ్వరం వచ్చినప్పుడు మీరు చేసే హడావుడికి మాత్రం ఇందులో సమాధానం దొరకదు” అని కూడా అంది. మగవాళ్ల జలుబు గోల నిజంగానే ఎక్కువ బాధేమో అని 2017లో ఒక వైద్య పత్రిక క్రిస్మస్ సంచికలో సగం సరదాగా సగం నిజంగా వ్యాసం వచ్చిందని చెప్పబోయాను. వినలేదు.

వెయిటింగ్ హాల్లో

పోయిన వారం అక్కతో మళ్లీ కీళ్లజబ్బులూ లూపస్ లాంటివీ చూసే రుమటాలజీ క్లినిక్‌కి వెళ్లాను. హాల్లో కూర్చున్న పేషెంట్లంతా ఆడవాళ్లే, మగవాళ్లంతా నాలాగా తోడొచ్చినవాళ్లే. నా పక్కన పాతికేళ్ల కుర్రాడొకడు ఫైలు పట్టుకుని కూర్చున్నాడు. టోపీ కళ్ల దాకా లాక్కున్నాడు. నర్సు వచ్చి పేరు పిలిస్తే లేచి వెళ్లాడు. ఆమె ఫైలు తీసుకుని అతని వెనక్కి చూస్తూ, “పేషెంట్ ఏరీ?” అంది.

అతను టోపీ తీశాడు. రెండు బుగ్గల మీదా, ముక్కు మీదుగా, అక్కకి మొదట్లో వచ్చినలాంటి ఎర్రటి మచ్చే.

“మూడేళ్లు తిరిగానండీ” అన్నాడు ఆమెతో. “మగాళ్లకి రాదులే అన్నారు అందరూ.”

అక్క నా చేతిలోని తన ఫైలు లాక్కుని, “ఒరేయ్, నువ్వు లేచి ఆ అబ్బాయికి సీటివ్వు” అంది.